ఏంజెల్ ఉపవాసం

వర్ధన్నపేట,
జనవరి 8

తమ్ముడు శాంసన్‌కు,

ప్రభువు నామంలో వందనాలు. కొత్త సంవత్సరం మీ ముగ్గురికీ మంచి చేయాలి. మర్యాదలు అయిపోయాయి కాబట్టి విషయానికి వస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు మనలో ఎవరో ఒకరు పెట్టేస్తాం. నువ్వు ఇంజను ఎక్కితే నీ ఫోను ఎలాగూ బంద్. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు. ఇంటికి కాకుండా కాజీపేటలో మీ డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీ అడ్రసుకు పంపుతున్నాను. ఇంటికి వస్తే ముందు ప్రేమలత చదువుతుంది. అసలే క్రిస్మస్ నాడు నేనన్న మాటకు నీ భార్య ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

అంత కాని మాట ఏమన్నాను? చర్చి మెట్లెక్కి పైకి వచ్చేసరికి మన ఏంజెల్ గోడ పట్టుకొని రొప్పుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల. "ఇట్లయితే పదో తరగతికి నిన్ను ఎత్తుకొని ఎక్కించాలె బిడ్డా" అన్నాను. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. మేనత్తను, ఆ మాత్రం అనకూడదా?

నా కోపం పిల్ల మీద కాదు, ఆ బడి మీద. నాలుగంతస్తుల బిల్డింగు, కింద పార్కింగు, పైన రేకుల షెడ్డు. గ్రౌండ్ ఏదంటే క్యారమ్ బోర్డు చూపించారట. చీకటితో పోయి చీకటి పడ్డాక వస్తుంది, మధ్యలో చిప్స్, కూల్‌డ్రింకు. నేను ఊరి పిల్లలందరికీ ఆటలు నేర్పే టీచర్ని, నా మేనకోడలు మెట్లెక్కలేదు. వచ్చే ఏడు ఆ బడి మాన్పించు. గ్రౌండ్ ఉన్న బడిలో వెయ్యి. నాకు ఇదొక్కటి చేసిపెట్టు.

మా బడి గొప్పగా ఉందని కాదు. గ్రౌండ్ నిండా మిర్చి ఆరబోశారు. ఊళ్ళో కల్లాలు చాలక సర్పంచ్ ఇప్పించాడు. పిల్లలు వరుసలో నిలబడితే ఒకటే తుమ్ములు. పైగా హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు సారు నా ఆటల పీరియడ్ తీసి లెక్కలకు ఇచ్చాడు. అడిగితే, "మేడం, రిజల్ట్ రాకుంటే నన్ను అడుగుతరు. పిల్లలు ఉరుకకుంటే ఎవరడుగుతరు?" అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. అందుకే ఇంకా మండుతోంది.

మీ అక్క,
ఎస్తేరు


బల్హార్షా రన్నింగ్ రూమ్,
జనవరి 19

అక్కకు వందనాలు.

ఉత్తరం చదివాను. లాబీలో అందరి ముందు ఇచ్చారు. "శాంసన్‌కు లవ్ లెటర్ వచ్చింది" అని రోజంతా నవ్వారు. బండి ఖాళీ చేసే దాకా ఈ డ్రైవర్ల విశ్రాంతి గదిలో పని లేదు కాబట్టి రాస్తున్నాను.

నీ గ్రౌండ్‌లో మిర్చి, మా పిల్ల బడిలో క్యారమ్ బోర్డు. ఏది నయమో నువ్వే చెప్పు. మనం చదివిన బడికి పెద్ద గ్రౌండ్ ఉండేది గదా. అందులో ఆడి ఆడి నేను గూడ్స్ బండి నడుపుతున్నాను, నువ్వు విజిల్ ఊదుతున్నావు. నా బిడ్డ ఇంజనీరు కావాలి. ఆ బడిలో సీటు కోసం ప్రేమలత ఎంత తిరిగిందో నీకు తెలియదు. మాన్పించే ముచ్చట మళ్ళీ ఎత్తకు.

నీ మాట మాత్రం ఏంజెల్ గట్టిగా పట్టుకుంది. చిప్స్ మానేసింది. శుక్రవారం వాళ్ళమ్మతో పాటు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటోంది. సాయంత్రం దాకా మంచినీళ్ళే. ప్రేమలత మురిసిపోతోంది, నాకూ సంతోషంగానే ఉంది. ఇక నువ్వు ఫికర్ చేయకు. బావకు నా వందనాలు చెప్పు.

తమ్ముడు,
శాంసన్


వర్ధన్నపేట,
ఫిబ్రవరి 10

శాంసన్,

విజిల్ ఊదడం అంత తేలిక అనుకుంటే ఒకరోజు వచ్చి ఊదు. సరే, ఆ పంచాయితీ తర్వాత.

ఏంజెల్ ఉపవాసం సంగతి విని నా ప్రాణం కుదుటపడింది. వారంలో ఒక పూట కడుపు ఖాళీగా ఉంటే ఎవరికీ ఏం కాదు, ఆ చెత్త తిండి తగ్గితే అదే పదివేలు. అత్తమ్మ శభాష్ అన్నదని చెప్పు. మరిచిపోకుండా చెప్పు.

ఇక్కడ నా బతుకు విను. ఫిట్‌నెస్ వారం జరపాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. జరపడమంటే ఫోటోలు పెట్టడం. ఏడాదంతా పీరియడ్ ఇవ్వని సారు ఆరోజు పిల్లల్ని తానే బయటికి తోలుకొచ్చాడు. మిర్చి కనపడకుండా గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు పైకెత్తమని, ఫోటో తీసి, "ఇగ లోపలికి పోండ్రి" అన్నాడు. పిల్లలు చేతులు దించకముందే ఫోటో గ్రూపులోకి పోయింది. జిల్లాలో మా బడికి మెచ్చుకోలు వచ్చింది. నాకు అభినందనలు చెప్పారు శాంసన్. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మర్నాడు ప్రార్థనలో ఎనిమిదో తరగతి దీప కూలిపోయింది. మొహాన నీళ్ళు కొట్టి, "పొద్దున ఏం తిన్నవ్?" అంటే, "చాయ్ తాగిన మేడం" అంది. తెల్లారకముందే తల్లితో మిర్చి ఏరడానికి పోయి, అక్కడి నుంచి బడికి వచ్చింది. గోళ్ళు చూస్తే తెల్లగా సున్నం వేసినట్టు ఉన్నాయి. ఎండలో నిలబడి చలి అంటోంది. మధ్యాహ్నం గుడ్డు ఉంటుందిలే అనుకుంటే, వంట చేసే సమ్మమ్మ, "గుడ్ల ధర పెరిగిందట మేడం, ఈ వారం రాలే" అంది. నేను సారు దగ్గర అరిచాను. ఆయన ఇంకెవరికో ఫోన్ చేసి అరిచాడు. గుడ్డు మాత్రం రాలేదు.

ఎస్తేరు


విజయవాడ రన్నింగ్ రూమ్,
మార్చి 2

అక్కకు,

ఈసారి మంచి మాట రాస్తున్నాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాలు మొదలైనప్పటి నుంచి ఏంజెల్ నలభై రోజుల ఉపవాసం పట్టింది. శుక్రవారాలు కాదు, రోజూ. పొద్దున టిఫిన్ లేదు, మధ్యాహ్నం బాక్సు లేదు, సాయంత్రం ప్రార్థన అయ్యాకే ముద్ద ముట్టేది. పెద్దవాళ్ళకే చేతకాదు. నేనయితే రెండో రోజే రైల్వే క్యాంటీన్లో దొరికిపోయాను.

పోయిన ఆదివారం పాస్టరు గారు ఏంజెల్‌ను స్టేజీ మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించారు. చెప్పింది రెండు మాటలే గానీ, చర్చి అంతా చప్పట్లు. "ఈ బిడ్డను చూసి నేర్చుకోండి" అన్నారు పాస్టరు గారు. ఇంకో నలుగురు పిల్లలు కూడా ఉపవాసం మొదలుపెట్టారు. ప్రేమలత కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే నేనూ తుడుచుకున్నాను. నీ శభాష్ కూడా చెప్పాను, నవ్వింది.

మనిషి సన్నబడింది. ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. ఇంత ఎండలు ముదిరినా స్వెటర్ విప్పదు, అదొక్కటే నాకు విచిత్రంగా ఉంది. స్టైలేమో. ఈ కాలం పిల్లలు గదా.

శాంసన్


వర్ధన్నపేట,
మార్చి 9

శాంసన్,

నీ ఉత్తరంలో స్వెటర్ మాట చదివిన దగ్గర్నుంచి నాకు పని తోచడం లేదు. మార్చి నెలలో స్వెటర్ స్టైలు కాదురా. నేను చెప్పిన దీప గుర్తుందా, ఎండలో చలి అన్న పిల్ల? అందుకే అడుగుతున్నాను. ఏంజెల్ గోళ్ళు చూశావా? కళ్ళ కింద రెప్ప లాగి లోపల ఎర్రగా ఉందో తెల్లగా పాలిపోయిందో చూశావా? నెలసరి సరిగ్గా వస్తోందా అని ప్రేమలతను అడుగు. సిగ్గుపడకు, నువ్వు తండ్రివి.

ఇంకొక్కటి. సాయంత్రం తింటుంది అన్నావు. ఏం తింటుంది? ఎంత తింటుంది? నువ్వు పక్కన కూర్చుని చూశావా? నువ్వు ఇంట్లో ఉండేదే తక్కువ. ప్రేమలత చూసిందా?

ఎదిగే పిల్లకు అన్ని రోజుల ఉపవాసం పెట్టమని ఏ దేవుడూ అడగడు. ఒక పూట పరవాలేదని నేను రాశాను. రోజూ అని రాయలేదు. దవాఖానకు తీసుకుపోయి రక్త పరీక్ష చేయించు. అయ్యాక నాకు రాయి. రాయడం కూడా వద్దు, ఫోన్ చెయ్యి, కొట్లాడను.

అక్క


కాజీపేట,
మార్చి 16

అక్కకు,

నీకు అన్నిట్లోనూ జబ్బే కనిపిస్తుంది. లావుగా ఉంటే ఒక బాధ, సన్నబడితే ఒక బాధ. క్రిస్మస్ నాడు మెట్లెక్కలేదని నలుగురిలో నవ్వించింది నువ్వే. ఇప్పుడు పిల్ల దేవుని కోసం నోరు కట్టుకుంటే దాన్నీ పట్టుకున్నావు. నువ్వు ఊళ్ళో పడి చర్చికి పోవడం తగ్గించావని ప్రేమలత అంటే నేను నమ్మలేదు.

ఈస్టర్ ఎంతో దూరం లేదు. మొక్కు మధ్యలో ఆపించి ఆ పాపం నేను కట్టుకోను. పరీక్షలు కూడా దగ్గర పడ్డాయి. ఏంజెల్ బాగుంది.

శాంసన్


వర్ధన్నపేట,
మార్చి 19

శాంసన్,

నేను అడిగింది గోళ్ళ గురించి. నువ్వు రాసింది నా చర్చి గురించి.

నన్ను ఎన్నయినా అను. ముందు పిల్లను డాక్టరుకు చూపించు.

ఎస్తేరు


కాజీపేట,
మార్చి 27

అక్కా,

మొన్న ఏంజెల్‌ను చేర్చిన దవాఖానలో నువ్వు నన్ను తిట్టావు, నేను నిన్ను తిట్టాను. నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పంపింది. నువ్వు కోపంతో బస్సెక్కి పోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియాలి. ఫోన్లో అయితే మళ్ళీ మధ్యలో పెట్టేస్తాం.

బడిలో మూడో అంతస్తు మెట్ల మీద పడిందన్నంత వరకు నీకు తెలుసు. రక్తం ఉండాల్సిన దాంట్లో సగమే ఉందని డాక్టరమ్మ చెప్పింది. "సాయంత్రం తింటే ఇంత పడిపోదు. ఈ పిల్ల అసలు తింటలేదు" అని మా మొహం మీదే అంది. ప్రేమలత ఒట్టు పెట్టింది, నా చేతులతోనే వడ్డించాను అని. వడ్డించింది నిజమే. అన్నం కవర్లో కట్టుకొని పొద్దున బడి బస్సు ఎక్కే ముందు చెత్తబండిలో పడేసేదట. వాళ్ళమ్మకు చదువుకుంటూ తింటానని చెప్పి కంచం గదిలోకి తీసుకుపోయేది.

సెలైన్ పెట్టి ఉన్నప్పుడు పక్కన కూర్చుని అడిగాను. "ఎందుకు బిడ్డా? దేవునికి మొక్కినవా?" అన్నాను. అటు తిరిగి పడుకుంది. అటు నుంచే అంది.

"లావు తగ్గుదామని డాడీ. ఉత్తగ తిననంటే మమ్మీ తిడతది. ఉపవాసమంటే ఎవ్వరడగరు గదా. మీరందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇగ ఆపితే మంచిగుండదని ఆపలే."

నా కూతురు ఆకలితో మాడుతుంటే నేను కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టాను అక్కా. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని బండెక్కాను గానీ, రెప్ప లాగి చూడలేదు.

చర్చిలో మాత్రం జ్వరమని చెప్పాం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. ఈస్టర్ నాటికి లేస్తే స్టేజీ మీద సాక్ష్యం పూర్తి చేయాలి అన్నారు. ప్రేమలత సరే అంది. నేను ఆయన్ను బండి దాకా సాగనంపాను.

శాంసన్


వర్ధన్నపేట,
మార్చి 30

శాంసన్,

రాసిందంతా చదివాను. నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు. తిట్టాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. మెట్ల దగ్గర నవ్వించిన నోరూ నాదే, శభాష్ పంపిన నోరూ నాదే. పిల్ల రెండూ విన్నది.

కానీ ఈ జ్వరం మాట ఏమిటి? ఎవరి పరువు కోసం? మీరు చెప్పిన అబద్ధం నమ్మి ఆ నలుగురు పిల్లలు ఇంకా ఆకలితో ఉన్నారు. వాళ్ళలో ఎవరు దేవుని కోసం ఉన్నారో, ఎవరు నడుము కోసం ఉన్నారో నీకు తెలుసా? నాకు తెలియదు. వాళ్ళ అమ్మలకూ తెలియదు. ఏంజెల్‌ను మళ్ళీ స్టేజీ ఎక్కిస్తే మాత్రం నేనొచ్చి అక్కడే విజిల్ ఊదుతాను. నా సంగతి నీకు తెలుసు.

ఇక్కడా మనశ్శాంతి లేదు. దీపను రక్త పరీక్షకు పంపమని సారును బతిమాలుతున్నాను. పరీక్షలు అయ్యాక చూద్దాం మేడం అంటున్నాడు. అందరికీ అన్నీ పరీక్షలు అయ్యాకే. రేపు నేనే బస్సెక్కించి తీసుకుపోతాను, సెలవు పెట్టి.

బడి మూసేశాక ఏంజెల్‌ను నా దగ్గరికి పంపు. సమ్మర్ కోచింగని ప్రేమలత అంటుంది. నాకు వినిపించకుండా అనమను.

ఎస్తేరు


కాజీపేట,
ఏప్రిల్ 6

అక్కకు,

నిన్న ఈస్టర్ ఆరాధనలో జరిగింది వేరేవాళ్ళు చెప్పకముందే నేనే రాస్తున్నాను.

ఏంజెల్ ఇంట్లోనే ఉంది. రానంది, నేనూ వద్దన్నాను. కానీ ముందు రోజే ఆమెను అడిగాను. "నీ పేరు చెప్తే నీకు బాధనా?" అంటే, "ఇంకెవరు పడిపోవద్దు డాడీ. చెప్పు. నేనుంటే మాత్రం చెప్పకు" అంది.

సాక్ష్యాల సమయంలో పాస్టరు గారు ఏంజెల్ పేరు చదివితే నేను లేచాను. మైకు పట్టుకోవడం నాకు రాదు, నీకు తెలుసు. "నా బిడ్డకు జ్వరం రాలే. అది మేం చెప్పిన అబద్ధం. బిడ్డ తిండి మానేసింది. సన్నబడదామని మానేసి, ఉపవాసమని చెప్పింది. మనం చప్పట్లు కొట్టినం. మీ పిల్లలు కూడ ఉపవాసం ఉంటాండ్రు. ఇంటికి పోయి పక్కన కూసోబెట్టుకొని తినిపించుండ్రి" అన్నాను. అంతే వచ్చింది.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. బయటికి వచ్చాక సగం మంది మాతో మాట్లాడలేదు. ప్రేమలత నాకంటే ముందే ఒక్కతే ఇంటికి పోయింది. ఒక తల్లి మాత్రం చెప్పుల దగ్గర నా చేయి పట్టుకొని, "మా పాపను రేపు డాక్టరు దగ్గరికి తీస్కపోత అన్నా" అంది. నలుగురిలో ఒక్కరు. మిగతా ముగ్గురి ఇళ్ళకు నేనే పోవాలి. పోతే తలుపు తీస్తారో లేదో.

కోచింగ్ ఫీజు కట్టి ఉంది. అయినా పరీక్షలు కాగానే పిల్లను నేనే తెచ్చి దింపుతాను.

శాంసన్


వర్ధన్నపేట,
మే 11

తమ్ముడు శాంసన్‌కు,

రోజూ ఫోన్ చేసి "తిన్నదా" అని అడుగుతున్నావు. నేను ప్రతిసారీ "బాగానే ఉంది" అని పెట్టేస్తున్నాను. అది అబద్ధం. నిజం రాస్తున్నాను.

వచ్చిన రోజు నుంచి వండని వంట లేదు. పాలకూర పప్పు, గుడ్లు, రాగి జావ, పల్లి పట్టీలు. కంచం ముందు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. రెండు ముద్దలు, నీళ్ళు, లేచిపోవడం. నేను గదమాయిస్తే ఒక ముద్ద ఎక్కువ తిని, బయటికి పోయి కక్కేది. నీ బావ, "ఎస్తేరూ, జర ఊకో" అంటే ఆయన మీద కూడా పడ్డాను. బడిలో ఇంతమంది పిల్లల్ని చూసిన నాకు, ఇంట్లో ఒక్క పిల్ల చేత అన్నం తినిపించడం రాలేదు. నాకొచ్చిన విద్య ఆటలు. డాక్టరమ్మ పరుగు వద్దంది. కాబట్టి అదీ లేదు. పొద్దున చెరువుగట్టు దాకా నడిపిస్తే మధ్యలో నాలుగుసార్లు ఆగుతుంది. నేను ఆగలేను. ముందుకు పోయి, వెనక్కి చూసి, విసుక్కుని, మళ్ళీ వెనక్కి రావడం. అట్లా గడిచాయి రోజులు.

మొన్న మధ్యాహ్నం గరిటెతో నిలబడి ఉంటే తల ఎత్తకుండా అంది. "అత్తమ్మా, నువ్వెప్పుడు తింటవ్?"

"నువ్వు తిన్నంక తింట."

"ఇంట్ల మమ్మీ గూడ నిలబడే పెడతది. డాడీ డ్యూటీల ఉంటడు. బడిల బాక్సు ముందటేసుకుంటే అందరు చూస్తరు. నాతోని ఎవ్వరు తినరు. నేను తింటాంటే చూస్తరు అంతే."

గరిటె గిన్నెలో పెట్టేశాను. ఒక కంచం తెచ్చుకుని కింద ఆమె పక్కనే కూర్చుని అన్నం పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక హెడ్మాస్టరు సారును తిట్టడం మొదలుపెట్టాను. వచ్చే ఏడు ఆటల పీరియడ్ శనివారం చివరి గంటకు వేశాడు, ఆ గంటకు సగం మంది పిల్లలు ఇంటికి పోయి ఉంటారు. తిడుతూ తిడుతూ రెండోసారి పప్పు వేసుకున్నాను. ఏంజెల్ నవ్వింది. గిన్నె తన వైపు జరుపుకుంది. నేను చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంది గానీ, నా కంచంలోనే మొహం పెట్టుకున్నాను. లేచేసరికి ఆమె కంచం సగం పైన ఖాళీ అయ్యింది. బయటికి పోయి కక్కలేదు. నిన్న కూడా తిన్నది. ఈ రోజు తక్కువ తిన్నది. రేపు ఎట్లా ఉంటుందో తెలియదు. నయమైందని నేను రాయడం లేదు. ఇంకా చాలా రోజులు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది, మనసు డాక్టరుకు కూడా చూపించమంది. తీసుకుపోదాం.

ఇది చదివి ప్రేమలతకు ఫోన్ చేసి ఏడవకు. చర్చిలో చెప్పకండి. శభాష్ అనకండి. నేనూ అనలేదు. నాలుక చివరి దాకా వస్తే మింగేశాను.

ఆదివారం ఇద్దరూ వస్తామన్నారుగా, రండి. పొద్దున ఏమీ తినకుండా ఆకలితో రండి. బావతో కలిపి ఐదుగురం కింద కూర్చుందాం. ఆమె కంచం వైపు చూడకు, శాంసన్. నీ అన్నం నువ్వు తిను.

మీ అక్క,
ఎస్తేరు